కూపే కార్ల పోలిక: రోడ్డు మీద, ట్రాక్ మీద

రెండు తలుపులు, వెనక్కి వాలిన పైకప్పు, ముందు ఇద్దరికి దర్జాగా, వెనక ఇద్దరికి ఇరుకుగా సీట్లు ఉన్న కారును కూపే అంటారు. కుటుంబం కోసం కాక నడిపే సరదా కోసం కొనే కారు ఇది. ఇందులో ఖరీదైన, శక్తిమంతమైన తరగతి ఒకటుంది. బీఎండబ్ల్యూ ఎం4, ఎం2, మెర్సిడెస్-ఏఎంజీ సీ63 కూపే, ఆడీ ఆర్‌ఎస్5, పోర్షా 911 ఆ తరగతిలో ఒకదానితో ఒకటి పోటీ పడిన పేర్లు. వీటిని పక్కపక్కన నిలిపి ఏది మెరుగని తేల్చడం మోటారు పత్రికలకు నిత్యకృత్యం. ఆ తీర్పులు చదివేవారు ముందుగా చూడవలసింది కారు పేరు కాదు, పరీక్ష ఏ నేల మీద జరిగిందన్నది. ట్రాక్ మీద మొదటి స్థానం కొట్టిన కారు ఊరి రోడ్డు మీద మూడో స్థానానికి పడిపోవడం మామూలే.

ఈ పోలికకు తెలంగాణలోని మూడు జిల్లాల రోడ్లను తీసుకుందాం. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడ్డాయి. ఇక్కడ రేస్ ట్రాక్ లేదు. ఈ కార్లకు సర్వీసు కావాలన్నా హైదరాబాద్ వెళ్లాల్సిందే. అయినా కూపే కార్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగేవారంతా 44వ నంబరు జాతీయ రహదారి మీద వనపర్తి, గద్వాల జిల్లాలు దాటాలి. శ్రీశైలం వెళ్లేవారు 765 మీద నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలోంచి పోవాలి. ఒకటి తిన్నని నాలుగు వరసల రోడ్డు, రెండోది నల్లమల ఘాట్ రోడ్డు. కారును రోడ్డు మీద పరీక్షించాలంటే ఇంతకంటే భిన్నమైన రెండు దారులు ఒకే చోట దొరకడం కష్టం.

పోటీ పుట్టిన తీరు

ఈ తరగతికి పెద్దదిక్కు పోర్షా 911. 1963లో ప్రదర్శించారు, మరుసటి ఏడాది నుంచి తయారుచేశారు. ఇంజన్ వెనక ఇరుసుకు అవతల ఉండటం దాని విచిత్రం. అరవై ఏళ్లు దాటినా ఆ అమరిక మార్చలేదు. 1980లో ఆడీ విడుదల చేసిన క్వాట్రో కూపే, నాలుగు చక్రాలకూ శక్తి పంపే పద్ధతిని ఆ తర్వాత ర్యాలీల్లోకి తెచ్చి మిగతావారిని ఆలోచనలో పడేసింది.

ట్రాక్ నుంచి రోడ్డు మీదికి నేరుగా దిగిన కారు మాత్రం 1986 నాటి బీఎండబ్ల్యూ ఎం3. గ్రూప్-ఏ పోటీల్లో పాల్గొనాలంటే అదే మోడల్ కార్లు ఏడాదిలో కనీసం 5,000 తయారుచేయాలని నియమం. అంటే పోటీ కారు కోసం మామూలు జనానికి కారు అమ్మవలసి వచ్చింది. మెర్సిడెస్ 190ఈ 2.3-16 దాని ప్రత్యర్థి. 1984 మే 12న కొత్త న్యూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ ప్రారంభోత్సవంలో పేరున్న డ్రైవర్లందరికీ ఒకే రకం 190ఈలు ఇచ్చి పందెం పెట్టారు. అప్పటికింకా పెద్దగా పేరులేని అయర్టన్ సెన్నా గెలిచాడు, నికీ లౌడా రెండో స్థానంలో వచ్చాడు. 190ఈ నాలుగు తలుపుల కారే అయినా, ఈ కథలో దాన్ని వదిలేయడం కుదరదు. ఏఎంజీ సీ63 కూపే ఆ వంశంలోదే.

ఇంజన్ల విషయంలో ఆ తర్వాత ఒక తరం గడిచాక అందరూ ఒకే దారి పట్టారు. ఆర్‌ఎస్5లో మొదట 4.2 లీటర్ల వీ8 ఉండేది, 8,250 ఆర్‌పీఎం దగ్గర 450 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) శక్తి ఇచ్చేది. 2017లో వచ్చిన రెండో తరంలో దాని స్థానంలో 2.9 లీటర్ల టర్బో వీ6 పెట్టారు. శక్తి అంతే, టార్క్ మాత్రం 430 నుంచి 600 న్యూటన్ మీటర్లకు పెరిగింది. సీ63లో 6.2 లీటర్ల పాత వీ8 పోయి 4 లీటర్ల టర్బో వీ8 వచ్చింది. దాన్నీ తీసేసి, ఆ తర్వాత వచ్చిన నాలుగు తలుపుల సీ63లో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు కరెంటు మోటారు జోడించారు. లెక్కల్లో అది పాతదానికంటే బలమైనదే. కానీ వీ8 మోత కోసం కొనేవాడికి లెక్కలు చూపించి ఒప్పించడం ఎవరి తరం?

భారతదేశానికి ఇవి చాలావరకు పూర్తిగా తయారైన కార్లుగా దిగుమతి అవుతాయి. సుంకం వల్ల ధర భారీగా పెరుగుతుంది. షోరూము ధరల్లో చూస్తే ఆర్‌ఎస్5 కూపే 2018లో 1.10 కోట్లకు, 911 కరేరా ఎస్ 2019లో 1.82 కోట్లకు, సీ63 కూపే 2020లో 1.33 కోట్లకు, ఎం4 కాంపిటీషన్ 2022లో 1.44 కోట్లకు, ఎం2 2023లో 98 లక్షలకు ఇక్కడ విడుదలయ్యాయి.

ట్రాక్ ఏం చెబుతుంది

గద్వాల, అలంపూర్ వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి కార్ల పోలికలోని అసలు సమస్య చెప్పకుండానే అర్థమవుతుంది. అక్కడ అన్ని జతలకూ ఒకే బండ, ఒకే గడువు. ఎంత దూరం లాగాయో అడుగుల్లో కొలుస్తారు. పాలపళ్లవి పాలపళ్ల వాటితో, రెండు పళ్లవి రెండు పళ్ల వాటితో, ఆరు పళ్లవి ఆరు పళ్ల వాటితోనే పోటీ పడాలి. కార్ల కంపెనీలు ప్రకటించే ల్యాప్ సమయాలకు ఈ నిజాయితీ తక్కువ. ఎవరి డ్రైవరు వాళ్లదే, ఎవరి టైర్లు వాళ్లవే, వాతావరణం అనుకూలించిన రోజు చూసుకుని దిగుతారు.

అయినా ఆ సమయాలు పూర్తిగా పనికిరానివి కావు. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె 20.8 కిలోమీటర్ల పాత ట్రాక్. అక్కడ పోర్షా 911 జీటీ3 2021లో 6 నిమిషాల 59.9 సెకన్లలో ల్యాప్ పూర్తి చేసింది. మరుసటి ఏడాది వచ్చిన ఎం4 సీఎస్‌ఎల్‌కు 7 నిమిషాల 20.2 సెకన్లు పట్టింది. జీటీ3కి 510 పీఎస్, సీఎస్‌ఎల్‌కు 550 పీఎస్. బలం తక్కువ ఉన్నదే ఇరవై సెకన్ల ముందు వచ్చింది. కారణం బరువు. జీటీ3 1.4 టన్నుల పైచిలుకు, సీఎస్‌ఎల్ 1,625 కిలోలు. పైగా జీటీ3 వెనక రెక్క గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమిపెడుతుంది. మామూలు మోడళ్లలోనూ ఇదే సంగతి. 450 పీఎస్ కరేరా ఎస్ బరువు 1,515 కిలోలు. 510 పీఎస్ ఎం4 కాంపిటీషన్ నాలుగు చక్రాల మోడల్ 1,775 కిలోలు. ఒక్కో పీఎస్ మోయవలసిన బరువు చూస్తే కరేరాలో 3.37 కిలోలు, ఎం4లో 3.48 కిలోలు. అరవై పీఎస్ తేడా అంతా బరువుకే సరిపోయింది.

మన దేశంలో ఈ కార్లను నిజంగా పరీక్షించగల ట్రాక్ గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ అక్కడే జరిగింది, మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2011 పోటీలో అతని అత్యంత వేగవంతమైన ల్యాప్ 1 నిమిషం 27.2 సెకన్లు. 2017లో రోడ్డు కారైన ఏఎంజీ జీటీ ఆర్ అదే ట్రాక్‌ను 2 నిమిషాల 10 సెకన్ల లోపు చుట్టి వచ్చింది. దక్షిణాదిలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన 3.7 కిలోమీటర్ల మద్రాసు ట్రాక్ ఉంది. గద్వాల వాసి తన కారు సత్తా చూసుకోవాలంటే అక్కడికి వెళ్లవచ్చు.

తెలుగు నేల మీద అంతర్జాతీయ స్థాయి మోటారు పందెం హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ కరెంటు కార్లు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద, 18 మలుపుల్లో పరుగెత్తాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన పోటీ రద్దయింది. అవి కూపేలు కావు, పెట్రోలు కార్లూ కావు. కానీ రోజూ బస్సులు తిరిగే రోడ్డునే గోడలు కట్టి ట్రాక్‌గా మార్చినప్పుడు ఎత్తుపల్లాలు, అతుకులు, దుమ్ము ఎంత పని చెబుతాయో నగర జనం కళ్లారా చూశారు.

ట్రాక్ అసలు బయటపెట్టేది వేగాన్ని కాదు, వేడిని. 1.8 టన్నుల కారును గంటకు 250 కిలోమీటర్ల నుంచి ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తి, 100 నుంచి ఆపడానికి కావలసినదానికి ఆరు రెట్ల పైనే. వేగం రెండున్నర రెట్లయితే శక్తి దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ట్రాక్ మీద గట్టిగా బ్రేకు వేసే పని ప్రతి ల్యాపులోనూ పలుమార్లు చేయాలి. మామూలు డాట్-4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగిపోవచ్చు. ఆయిల్ మరిగితే బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది, తొక్కినా కారు ఆగదు. బరువైన కారుకు ఈ గండం ముందుగా వస్తుంది. టైర్లదీ ఇదే కథ. 25 డిగ్రీల దగ్గర 30 పీఎస్‌ఐ గాలి పట్టిస్తే, టైరులోని గాలి 65 డిగ్రీలకు చేరేసరికి అది 36 అవుతుంది. అందుకే ట్రాక్‌కు వెళ్లేవారు ముందుగా గాలి తగ్గించుకుని దిగుతారు.

పెబ్బేరు దారిలో

హైదరాబాద్ నుంచి వస్తే 44వ రహదారి కొత్తకోట దగ్గర, పెబ్బేరు దగ్గర వనపర్తి జిల్లాను తాకి, బీచుపల్లి వద్ద కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు చేరుతుంది. పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని పాత నంబరుతో సెవెన్ నంబరు రోడ్డనే అంటారు.

మధ్యలో విభాగిని ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఎం4 కాంపిటీషన్ ఆ వేగాన్ని 3.5 సెకన్లలో, కరేరా ఎస్ 3.7 సెకన్లలో అందుకుంటాయి. రెండింటికీ యాభై మీటర్ల అటూ ఇటూ చాలు. అక్కడితో చట్టం ఒప్పుకునే పందెం ముగిసింది. ఆ 0.2 సెకను తేడా టోల్‌గేటు దగ్గర బూమ్ బారియర్ లేచినంత సేపు కూడా ఉండదు. కాబట్టి ఈ రోడ్డు మీద శక్తిని బట్టి కార్లను పోల్చడం వృథా.

పోల్చవలసింది ఆగడాన్ని. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. మంచి టైర్లున్న కూపే 35 మీటర్ల అటూ ఇటూ ఆగగలదు. ఆపాలని తోచి కాలు పెడల్ మీదికి వచ్చేసరికి ఒక సెకను పోతుంది గనుక మొత్తం 63 మీటర్లు. అదే 150 వేగంలో అయితే 120 మీటర్లు. పత్తి బస్తాల ట్రాక్టరు వెనక దీపం లేకుండా పోతున్నప్పుడు, గొర్రెల మంద ఒక్కసారిగా విభాగిని సందులోంచి రోడ్డెక్కినప్పుడు, పెబ్బేరు సంత రోజున పశువుల లారీ అడ్డంగా తిరిగినప్పుడు ఆ 57 మీటర్ల తేడాయే ప్రాణం. ఏ కంపెనీ బ్రేకు కూడా ఆ తేడాను పూడ్చలేదు. ఈ రోడ్డు చరిత్రలో 2013 అక్టోబరు 30 మరచిపోలేని తేదీ. కొత్తకోట దగ్గర పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళుతున్న వోల్వో బస్సు తెల్లవారుజామున కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు.

జాతీయ రహదారి దిగి వనపర్తి, గద్వాల ఊళ్లవైపు తిరిగితే మరో పరీక్ష ఎదురవుతుంది: స్పీడ్ బ్రేకరు. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గుండ్రంగా లేచి గుండ్రంగా దిగాలి. ఎం4 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.857 మీటర్లు. కారు సరిగ్గా బ్రేకరు మధ్యకు వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ బ్రేకరు వాలు మీదే ఉంటాయి. కనుక నడిమి భాగం కింద బ్రేకరు శిఖరం చక్రాల మట్టానికి 6 సెంటీమీటర్లే ఎత్తుగా ఉంటుంది. 911కు చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లే కాబట్టి దానికి 4.4 సెంటీమీటర్లు. ఎం4 అడుగు నేలకు సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకరును రెండూ తగలకుండా దాటుతాయి.

ఊళ్లో బ్రేకరు అలా ఉండదు. బడి దగ్గరో గుడి దగ్గరో జనం అడిగితే అడుగున్నర వెడల్పున, అరడుగు ఎత్తున సిమెంటు కట్ట పోస్తారు. అప్పుడు ముందు చక్రాలు దాటి నేల మీదికి దిగుతాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కవు, కట్ట మొత్తం కారు కడుపు కింద ఉంటుంది. పన్నెండు సెంటీమీటర్ల ఎత్తున్న కారు పదిహేను సెంటీమీటర్ల కట్టను దాటలేదు. ఐమూలగా తిప్పి ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించడమే ఉపాయం. పోర్షా 911 ముందు భాగాన్ని మీట నొక్కితే నాలుగు సెంటీమీటర్ల దాకా పైకెత్తే సదుపాయం అదనపు ధరకు దొరుకుతుంది. అది బంపరును కాపాడుతుంది గానీ కడుపునంతా కాపాడదు. అయినా లేనిదానికంటే నయమే.

టైర్ల సంగతీ చెప్పుకోవాలి. ఎం4 కాంపిటీషన్ వెనక టైరు 285/30 ఆర్20. రిమ్ముకూ నేలకూ మధ్య ఉన్న రబ్బరు గోడ ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు కనిపించక అందులో దిగితే పగిలేది టైరొక్కటే కాదు, రిమ్ము కూడా. ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైర్లు మరీ ప్రమాదం. గాడులు తక్కువ కావడంతో అవి నీళ్ల మీద తేలుతాయి, చలి ఉదయాల్లో వేడెక్కేదాకా పట్టు ఇవ్వవు. పెట్రోలు విషయంలో ఇబ్బంది కొంత తక్కువ. ఈ ఇంజన్లు 95కు పైబడిన ఆక్టేన్ కోరుకుంటాయి. నాసిరకం పడితే ఇంజన్ తనంతట తాను జాగ్రత్తపడి శక్తి తగ్గించుకుంటుంది. హైదరాబాద్‌లో ట్యాంకు నింపుకుని బయలుదేరితే అలంపూర్ దాకా వచ్చి సగం దారి తిరిగి పోవచ్చు.

పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండ కూడా ఒక పరీక్షే. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో టర్బో ఇంజన్ పీల్చే గాలి వేడెక్కి పలచబడుతుంది. అలాంటప్పుడు కరపత్రంలో రాసిన పీఎస్ అంతా చక్రాల దాకా రాదు.

నల్లమలలో

నాగర్‌కర్నూల్ జిల్లాలో 765వ రహదారి మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ప్రవేశిస్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. దోమలపెంట దాటాక దారి మెలికలు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగుతుంది. కూపే కొన్నవారికి నచ్చే దారి ఇదే. ఇక్కడ తెలిసేవి స్టీరింగ్ చెప్పే కబురు, మలుపులో కారు ఒరిగే తీరు, దిగుడులో ఇంజన్ పట్టి ఆపే సత్తా. ఇవన్నీ యాభై కిలోమీటర్ల వేగంలోనే అర్థమవుతాయి. చక్రాల మధ్య దూరం తక్కువైన ఎం2, 911 ఈ దారిలో ఎం4 కంటే చురుగ్గా తిరుగుతాయి. ఎం2లో గేర్లు చేత్తో మార్చుకునే అవకాశం ఇక్కడి మార్కెట్లోనూ ఉండటం మరో అందం. ఆర్‌ఎస్5 నాలుగు చక్రాలతో పట్టుకుని పోతుంది, తడి రోడ్డు మీద దానంత నమ్మకం మరొకటి ఇవ్వదు, కాకపోతే డ్రైవరుకు చేసే పని కొంత తక్కువ మిగులుస్తుంది. సీ63 తిన్నని రోడ్డు మీద దొర, ఈ మెలికల్లో బరువు మోయలేని మనిషి. కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, ఆవలి మలుపులో ఆర్టీసీ బస్సు ఉండవచ్చు. కనుక ఇక్కడ సత్తా చూపించవలసింది కారు, డ్రైవరు కాదు.

చట్టం, బీమా

కూపే కొన్నవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టడం, వేగాన్ని పరీక్షించడం నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. మామూలు కారు బీమా పాలసీలో పందేలకు, వేగపరీక్షలకు వాడినప్పుడు రక్షణ వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది. ట్రాక్‌కు వెళ్లినా అంతే. కోటిన్నర కారు గోడకు తగిలితే మరమ్మతు ఖర్చంతా యజమానిదే. ట్రాక్ దినానికి పేరు ఇచ్చేముందు పాలసీ కాగితం ఒకసారి చదువుకోవడం, బ్రేక్ ఆయిల్ మార్పించుకోవడం తప్పనిసరి.

ఏది మెరుగు

ట్రాక్ ఒక్కటే లెక్కయితే 911 జీటీ3కి ఈ జాబితాలో పోటీ లేదు. హైదరాబాద్, బెంగళూరు మధ్య దూర ప్రయాణానికి ఆర్‌ఎస్5, ఎం4 హాయిగా ఉంటాయి. జాతీయ రహదారి, ఊరి బ్రేకరు, నల్లమల ఘాట్ మూడూ ఒకే కారుతో దాటాలంటే 911 కరేరాకు మించింది లేదు. మామూలు రోడ్డు టైర్లు వేసి, ముందు భాగం ఎత్తే సదుపాయం పెట్టించుకోవాలి. దానికి పెట్టే డబ్బులో సగం పైచిలుకుతో, దాని ఆనందంలో చాలాభాగం ఇచ్చే కారు కావాలంటే మాత్రం చేతి గేర్ల ఎం2 కొనడం మేలు.